రెండు ఫోటోలు, రెండు కొలతలు

ఒకప్పుడు పెళ్ళి సంబంధాలు మనుషుల మాటతో మొదలయ్యేవి. ఇప్పుడు ఫోటోతో మొదలవుతున్నాయి. సెల్‌ఫోన్‌లోకి ఒక ఫోటో వస్తుంది. ఇంట్లో పెద్దలు చూస్తారు, అమ్మాయి చూస్తుంది. దాన్ని బట్టి మాటలు ముందుకు సాగటమో, అక్కడితో ఆగిపోవటమో జరుగుతుంది. అంటే ఒక కుటుంబం తన బిడ్డ జీవితానికి సంబంధించిన నిర్ణయంలో మొదటి అడుగును ఆ ఫోటోను నమ్మి వేస్తోందన్న మాట. కనుక ఫోటో ఇవాళ కేవలం వేడుక వస్తువు కాదు. అదొక సాక్ష్యం. సాక్ష్యం అన్న తర్వాత అందులో నిజమెంత, అబద్ధమెంత అనే ప్రశ్న తప్పక తలెత్తుతుంది.

ఈ ప్రశ్నను మేము ఒక చిన్న విషయం ద్వారా పరిశీలించదలిచాము. అది బట్టతల ఉన్న పురుషులు తలపై అతికించుకునే జుట్టు. పాత వాడుకలో విగ్గు అనేవారు, ఇప్పుడు జనం హెయిర్ ప్యాచ్ అంటున్నారు. చిన్న విషయమే కదా అని కొందరు అనుకోవచ్చు. కాని మనిషి నిజాయితీ పెద్ద పెద్ద విషయాల్లో కంటే ఇలాంటి చిన్న విషయాల్లోనే ఎక్కువగా పరీక్షకు గురవుతుంది.

ఒకే తల, రెండు ఫోటోలు

పాతకాలపు విగ్గు టోపీలా తలంతా కప్పేది. హెయిర్ ప్యాచ్ అలా కాదు. జుట్టు రాలిన మేరకే ఉంటుంది. సన్నని వల గుడ్డ మీదనో, చర్మంలా పలుచగా ఉండే ప్లాస్టిక్ పొర మీదనో వెంట్రుకలను అమర్చి దీన్ని తయారు చేస్తారు. రెండు వైపులా అంటుకునే టేపుతో గాని, జిగురుతో గాని తలకు అతికిస్తారు. కొన్ని వారాలకోసారి తీసి, తలను శుభ్రపరచి, మళ్ళీ అతికించాలి. పలుచని పొరతో చేసినవి కొన్ని నెలలకే పాడవుతాయి. అప్పుడు కొత్తది కొనుక్కోవాలి.

దీన్ని చేయించుకోవాలంటే ముందు తల కొలతలు, వాటితోపాటు ఫోటోలు ఇవ్వాలి. ఆ ఫోటోలు తీయటానికి ఒక పద్ధతి ఉంది. కెమెరా అద్దాన్ని తుడవాలి. కిటికీ పక్కన నిలబడి పగటి వెలుతురులో తీయాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు, నీడలు పడతాయి. ఫ్లాష్ వేయకూడదు, నున్నటి చర్మం మీద అది మెరిసి రంగును తప్పుగా చూపిస్తుంది. వెనక సాదా గోడ ఉండాలి. ఫోన్‌ను ముఖానికి మరీ దగ్గరగా పెట్టకూడదు, నుదురు ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. ముందు, వెనక, రెండు పక్కలు, నడినెత్తి, ఇలా ఐదు వైపుల నుంచి తీయాలి. మిగిలిన జుట్టును వెనక్కి దువ్వి, జుట్టు ఎక్కడ ఆగిపోయిందో ఆ గీత స్పష్టంగా కనబడనివ్వాలి. అందాన్ని పెంచే ఫిల్టర్లు అసలే వాడకూడదు.

ఒక యువకుడు ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించాడనుకుందాం. ఎందుకు పాటించాడు? అబద్ధపు ఫోటో పంపితే నష్టపోయేది తానే గనుక. రంగు కలవదు, కొలత కుదరదు, పెట్టిన డబ్బు నీళ్ళపాలవుతుంది. అందుకే ఎవరికీ చూపించని తన బట్టతలను, అద్దంలో చూసుకోవటానికి కూడా తాను ఇష్టపడని ఆ నడినెత్తిని, ముక్కూ ముఖమూ ఎరగని వ్యాపారికి సంకోచం లేకుండా చూపించాడు.

కొన్ని వారాల తర్వాత ప్యాచ్ వచ్చింది. తలపై అతికించుకున్నాడు. అదే ఫోన్‌తో ఇంకో ఫోటో తీయించుకుని పెళ్ళివారికి పంపాడు. ఈసారి పద్ధతి పూర్తిగా మారిపోయింది. వెలుతురు తక్కువగా ఉన్న చోటు చూసుకున్నాడు. నుదుటి గీత కనబడకుండా ముంగురులను ముందుకు దువ్వుకున్నాడు. పక్క నుంచి వద్దన్నాడు, పై నుంచి అసలే వద్దన్నాడు. ఫిల్టర్ కూడా వాడాడు. తల గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

సోదరులారా! తల ఒక్కటే. ఫోన్ ఒక్కటే. ఫోటోలు మాత్రం రెండు రకాలు. తన లాభం ముడిపడి ఉన్న చోట నిజం అంతా కనబడాలి. ఎదుటివారి లాభం ముడిపడి ఉన్న చోట నిజం కనబడకూడదు. మనం ఆలోచించవలసింది ఈ తేడా గురించే.

మంచు, గాలి

విశాఖపట్నం, విజయనగరం వైపు కుటుంబాలు ఫోటోలు దిగటానికి ఇష్టపడే చోట్లలో అరకు లోయ ముఖ్యమైనది. విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున తూర్పు కనుమల్లో ఈ లోయ ఉంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది భాగం. 2017లో విశాఖ నుంచి అరకుకు అద్దాల రైలుపెట్టె మొదలైంది. బొర్రా గుహలు, కాఫీ తోటలు, పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారకముందే కనిపించే మేఘాల సముద్రం, వీటన్నిటి ముందు జనం ఫోటోలు దిగుతారు. పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో కూడా ఇక్కడే దిగేవారున్నారు. వెనక కొండలుంటే ముఖానికి అందం వస్తుందని వారి నమ్మకం.

చలికాలంలో అక్కడి పొగమంచు దేన్నయినా మెత్తగా, అందంగా చూపిస్తుంది. ముఖం మీది మచ్చలను కప్పేస్తుంది, నుదుటి మీది అతుకునూ కప్పేస్తుంది. అనంతగిరి నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో గాలికొండ ఉంది. పేరుకు తగ్గట్టు అక్కడ గాలి ఎక్కువ. గాలికి ఎదురుగా నిలబడితే ముంగురులు లేచి ప్యాచ్ అంచు బయటపడుతుంది. దాన్ని దాచదలచినవాడు గాలి ఉన్న చోటును వదిలి, మంచు ఉన్న చోటును వెతుక్కుంటాడు.

మంచులో తప్పేమీ లేదు. అది అల్లాహ్ సృష్టి. మంచులో ఫోటో దిగటమూ తప్పు కాదు. దేనికోసం మంచును ఎంచుకున్నామన్న సంకల్పంలోనే మంచీ చెడూ ఉంటాయి. ఆచరణలన్నీ సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన విషయం మనందరికీ తెలిసిందే.

సంతలో కుంచం

ఇదే కొండల్లో ఇంకొక దృశ్యం ఉంది. పర్యాటకులు దాన్ని అంతగా పట్టించుకోరు. అది వారపు సంత. చుట్టుపక్కల గూడేల నుంచి గిరిజనులు పసుపు, మిరియాలు, అల్లం, చింతపండు, రాజ్మా వంటివి తెచ్చి అమ్ముకుంటారు. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు కొనుక్కుని వెళతారు. వెనుకటి రోజుల్లో మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల్లో కొందరు ఈ అమాయకులను కొలతలోనూ తూకంలోనూ దోచుకున్నారు. సరుకు కొనేటప్పుడు ఒక కొలత, అమ్మేటప్పుడు ఇంకొక కొలత. ఈ దోపిడీ నుంచి గిరిజనులను కాపాడే ఉద్దేశంతోనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. వారి అటవీ ఉత్పత్తులను న్యాయమైన ధరకు కొనటం, వారికి కావలసిన నిత్యావసరాలను డిపోల ద్వారా అందించటం దాని పని. ఒక సంస్థే పుట్టవలసి వచ్చిందంటే ఆ కొలతల అన్యాయం ఎంత లోతుగా పాతుకుపోయి ఉంటుందో ఊహించవచ్చు.

దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు పేరే అల్ ముతఫ్ఫిఫీన్. అంటే కొలతల్లో, తూనికల్లో తగ్గించి ఇచ్చేవారు. వారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో ఆ సూరా ప్రారంభమవుతుంది. వారి లక్షణాన్ని అల్లాహ్ ఎంత సూక్ష్మంగా వర్ణించాడో గమనించండి. వారు కొలవటం తెలియనివారు కాదు. తాము తీసుకునేటప్పుడు నిండుగా, సరిగ్గా తీసుకుంటారు. ఇతరులకు ఇచ్చేటప్పుడే తగ్గిస్తారు. వారి దగ్గర సరైన కుంచం ఉంది. దాన్ని తమ కోసం మాత్రమే బయటికి తీస్తారు. అదే వారి నేరం.

ఫోటో కూడా ఒక కుంచమే. జుట్టు తయారుచేసే వ్యాపారికి ఇచ్చేటప్పుడు నిండుగా కొలిచినవాడు, జీవితాంతం తనతో బతకవలసిన స్త్రీకి ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిస్తే, ఆ హెచ్చరిక తనకు వర్తిస్తుందా లేదా అని తన మనస్సునే అడిగి చూసుకోవాలి. స్పష్టమైన ఫోటో తీయటం తనకు చేతకాదని అతను అనలేడు. ఎలా తీయాలో అతనికి తెలుసు. ఐదు వైపుల నుంచి తీసి ఉన్నాడు కూడా.

ఈ మాట అమ్మేవారికీ వర్తిస్తుంది. ప్రకటనల్లో ముందు, తర్వాత అంటూ రెండు ఫోటోలు పక్కపక్కన వేస్తారు. ముందు ఫోటోలో మనిషి దిగులుగా, మసక వెలుతురులో ఉంటాడు. తర్వాత ఫోటోలో మంచి బట్టలు, మంచి వెలుతురు, నవ్వు ముఖం. ఆ తేడా అంతా జుట్టు వల్ల వచ్చినట్టు కనబడుతుంది. కొన్ని నెలలకే కొత్తది కొనాలనీ, జిగురు పడక కొందరికి చర్మం మండుతుందనీ ఆ ప్రకటన చెప్పదు. సరుకు మంచిని చూపించి లోపాన్ని దాచటం వ్యాపార నైపుణ్యం కాదు. అది కొనుగోలుదారు హక్కును కాజేయటమే.

తడిసిన ధాన్యం

దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒకసారి ధాన్యపు రాశి పక్క నుంచి వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వ్యాపారి సమాధానమిచ్చాడు. అయితే ఆ తడిసిన దాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంఘటన చాలామందికి తెలుసు. కాని ఇందులోని ఒక విషయాన్ని మనం తరచుగా గమనించము.

ధాన్యం తడవటం ఆ వ్యాపారి తప్పు కాదు, వాన కురిసింది. దైవప్రవక్త (స) ఆ ధాన్యాన్ని పారేయమనలేదు. దాన్ని అమ్మవద్దని కూడా అనలేదు. పైన పెట్టమన్నారు, అంతే. చూసి కొనేవాడు కొంటాడు, వద్దనుకున్నవాడు వెళతాడు.

బట్టతల కూడా అంతే. వంశపారంపర్యంగా, శరీరంలోని హార్మోన్ల ప్రభావంతో కొందరికి ఇరవైల్లోనే జుట్టు రాలటం మొదలవుతుంది. అది ఎవరి తప్పూ కాదు, ఎవరి పాపానికి శిక్షా కాదు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటి మహనీయునికి తల ముందుభాగంలో జుట్టు లేదు. ఆయన హజ్రె అస్వద్‌ను ముద్దాడుతుండగా చూసిన ఒక సహచరుడు ఆయన్ను ఆ బట్టతల గుర్తుతోనే పేర్కొన్న ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఖలీఫా గౌరవం దానివల్ల వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తడిసిన ధాన్యాన్ని పైన పెట్టటం ధాన్యానికి అవమానం కాదు, వ్యాపారికి గౌరవం.

జుట్టు కోరుకున్న మనిషి

బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురి వృత్తాంతాన్ని దైవప్రవక్త (స) వినిపించారు. ఒకడు చర్మవ్యాధిగ్రస్తుడు, ఒకడు బట్టతలవాడు, ఒకడు అంధుడు. అల్లాహ్ వారిని పరీక్షించటానికి ఒక దైవదూతను పంపాడు. నీకేం కావాలని అడిగితే, అందమైన జుట్టు కావాలనీ, జనం అసహ్యించుకునే ఈ స్థితి పోవాలనీ బట్టతలవాడు కోరుకున్నాడు. దైవదూత అతని తలను నిమిరాడు. అందమైన జుట్టు వచ్చింది. చూడి ఆవు కూడా దొరికింది. దాని సంతతితో మందలు పెరిగాయి.

కొంతకాలానికి అదే దైవదూత, ఇతని పాత రూపంలోనే, బట్టతలతో బీదవాడిగా వచ్చి సహాయం అడిగాడు. నువ్వూ ఒకప్పుడు ఇలాగే ఉండేవాడివి కదా అని గుర్తు చేశాడు. అతను ఒప్పుకోలేదు. ఈ సంపద తన తాతముత్తాతల నుంచి వచ్చిందన్నాడు. అప్పుడు అతని పాత స్థితి అతనికే తిరిగి వచ్చింది. ఒకప్పటి తన స్థితిని ఒప్పుకున్న అంధుడు మాత్రం అల్లాహ్ ప్రసన్నతను పొందాడు.

ఇక్కడ జుట్టు కోరుకున్నందుకు అతను శిక్షింపబడలేదు. జనం దృష్టిలో చిన్నబోతున్న మనిషి బాధను ఆ వృత్తాంతం ఎగతాళి చేయలేదు కూడా. తానేమై ఉండేవాడో దాన్ని కాదన్నందుకే అతను పట్టుబడ్డాడు. కోరుకోవటం మానవ సహజం. కాదనటం కృతఘ్నత.

ధర్మవేత్తలు ఏమంటున్నారు?

అసలు ఇలాంటి జుట్టు ధరించవచ్చా అన్నది వేరే ప్రశ్న. అందులో భేదాభిప్రాయాలున్నాయి. వెంట్రుకలకు వేరే వెంట్రుకలు అతికే స్త్రీని, అతికించుకునే స్త్రీని దైవప్రవక్త (స) శపించారు. జబ్బు వల్ల జుట్టు రాలిపోయిన ఒక పెళ్ళికూతురి విషయంలో తల్లి అనుమతి కోరినా ఇవ్వలేదు. హజ్రత్ ముఆవియా (రజి) ఉల్లేఖనం ప్రకారం ఆయన ఈ పనిని అసత్యమనే పేరుతో పేర్కొన్నారు. వీటి ఆధారంగా ఎక్కువమంది ధర్మవేత్తలు మానవ వెంట్రుకలతో చేసిన దాన్ని నిషిద్ధమన్నారు. మానవ శరీర భాగాన్ని అమ్మటం, వాడటం మానవ గౌరవానికి విరుద్ధమన్నది హనఫీ ధర్మవేత్తల వాదన. జంతువుల ఉన్ని వంటి వాటి విషయంలో వారిలో పలువురు వెసులుబాటు ఇచ్చారు.

మరోవైపు, కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టుకోవటానికి దైవప్రవక్త (స) అనుమతించిన హదీసు ఉంది. లోపాన్ని సరిదిద్దుకోవటం వేరు, అలంకారం కోసం సృష్టిని మార్చటం వేరు అని దీన్ని బట్టి కొందరు నేటి ధర్మవేత్తలు చెబుతున్నారు. జుట్టు రాలిన చోట జుట్టు నాటించుకోవటాన్ని 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ అనుమతించదగిన చికిత్సల్లో చేర్చింది. నాటిన జుట్టు శరీరంలో భాగమైపోతుంది. అతికించిన ప్యాచ్ అలా కాదు. వుజూలో తలను మసహ్ చేయటానికి, గుస్ల్‌లో నీరు తల చర్మాన్ని తాకటానికి అది అడ్డు వస్తుంది. తన పరిస్థితిని నమ్మకమైన ఆలిమ్‌కు వివరించి తీర్పు తెలుసుకోవటం మంచిది.

జుట్టు ఎక్కడి నుంచి వచ్చిందో అడగటం కూడా ధర్మమే. మన దేశం నుంచి మానవ వెంట్రుకలు పెద్దఎత్తున విదేశాలకు ఎగుమతి అవుతాయి. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం ద్వారా విక్రయిస్తుంది. 2004లో ఇజ్రాయేల్‌కు చెందిన యూద మతాచార్యుడు యోసెఫ్ షాలోం ఎల్యాషివ్, ఇలా భారతదేశ ఆలయాల నుంచి వచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు తమ స్త్రీలు వాడకూడదని తీర్పు చెప్పారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కొందరు వాటిని వీధిలో తగలబెట్టారు. అంతవరకు అడగని ప్రశ్నను వారు ఆ ఏడాది అడిగారు. తన తలపై ఉన్నది ఎవరిదో తెలుసుకోవాలన్న ఆలోచన ఏ మతస్థుడికైనా రావలసిందే.

అయితే ఒక్క విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. ధరించటం విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. మోసగించటం విషయంలో లేదు. అనుమతించినవారు కూడా మోసం ఉండకూడదన్న షరతుపైనే అనుమతించారు.

దాచటం వేరు, మోసగించటం వేరు

అలాగని బట్టతల ఉన్నవాడు వీధిలో కనబడిన ప్రతి ఒక్కరికీ టోపీ తీసి చూపించాలా? అక్కర్లేదు. ఇస్లాం మనిషి పరువుకు ఎంతో విలువనిచ్చింది. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, ఇతరుల రహస్యాలను కూపీ లాగవద్దనీ అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. బస్సులో పక్కన కూర్చున్నవాడికి, ఆఫీసులో తోటి ఉద్యోగికి మన తల గురించి తెలుసుకునే హక్కు లేదు. అడిగితే మౌనంగా ఉండవచ్చు. వారి ముందు కప్పుకోవటం మోసం కాదు. వారు దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవటం లేదు.

మరి హక్కు ఎవరికి ఉంది? మనం చూపించిన దాన్ని నమ్మి తన జీవితంలో ఒక నిర్ణయం తీసుకోబోయే వ్యక్తికి ఉంది. వధువుకు ఉంది, ఆమె తరఫున మాట్లాడే వలీకి ఉంది. దాచటానికీ మోసగించటానికీ మధ్య గీత ఇక్కడే ఉందని మేము భావిస్తున్నాము. ఎదుటివారికి హక్కు లేని విషయాన్ని కప్పుకోవటం పరువు కాపాడుకోవటం. హక్కు ఉన్న విషయాన్ని కప్పి, వారి చేత అంగీకారం చెప్పించుకోవటం మోసం.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో ఒక సంఘటనను ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకతను జుట్టుకు నల్లరంగు వేసుకుని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత రంగు వెలిసి నెరసిన జుట్టు బయటపడింది. అమ్మాయివారు ఖలీఫా దగ్గర ఫిర్యాదు చేశారు. యవ్వనాన్ని చూపించి ఆ కుటుంబాన్ని మోసగించావని మందలిస్తూ ఆయన అతణ్ణి కొట్టించి, ఆ నికాహ్‌ను రద్దు చేశారు. గమనించండి. నెరసిన జుట్టు నేరమని ఆయన అనలేదు. దాన్ని దాచి ఒప్పుకోలు తీసుకోవటాన్నే నేరంగా చూశారు. తలపై జుట్టు లేని ఆ ఖలీఫాయే ఈ తీర్పు ఇచ్చారు.

సంబంధాలు రాకపోతే?

నిజం చెబితే సంబంధాలు తప్పిపోతాయి కదా అని యువకులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. వారి భయంలో నిజముంది. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. వరుసగా మూడు నాలుగు చోట్ల కాదన్న తర్వాత మనస్సు విరిగిపోతుంది. తల్లిదండ్రులే ఇప్పుడేం చెప్పకురా, పెళ్ళయ్యాక తెలిస్తే అదే సర్దుకుంటుందిలే అని నూరిపోస్తారు. బట్టతలను విగ్గుతో దాచే యువకుడి కథతో 2021లో నూటొక్క జిల్లాల అందగాడు అనే తెలుగు సినిమా కూడా వచ్చింది. తెర మీద నవ్వు పుట్టించే ఆ సంగతి ఇంట్లో మాత్రం కన్నీళ్ళు తెప్పిస్తుంది.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ప్యాచ్‌ను కొన్ని వారాలకోసారి తీయక తప్పదు. కనుక భార్యకు తెలియకుండా ఉండే అవకాశమే లేదు. తెలిసిన రోజున ఆమెకు జుట్టు లేదన్న బాధ కంటే, ఇంకా ఏమేమి దాచాడోనన్న అనుమానమే ఎక్కువ బాధిస్తుంది. జీతం గురించి చెప్పింది నిజమేనా? ఆరోగ్యం గురించి చెప్పింది నిజమేనా? ఒక్క అబద్ధం పక్కనున్న పది నిజాలను కూడా అనుమానంలోకి నెడుతుంది. నిజం చెప్పటం వల్ల తప్పిపోయిన సంబంధం మనం కోల్పోయిన వరం కాదు. జుట్టును చూసి వచ్చిన సంబంధం జుట్టుతోపాటే వెళ్ళిపోతుంది.

ఇందులో సమాజం బాధ్యత కూడా తక్కువేమీ కాదు. స్త్రీని సంపద కోసం, వంశం కోసం, అందం కోసం, ధర్మనిష్ఠ కోసం వివాహమాడతారనీ, ధర్మనిష్ఠ గలవారినే ఎంచుకోమనీ దైవప్రవక్త (స) ఉపదేశించారు. వరుణ్ణి ఎంచుకునేవారికి కూడా ఈ ఉపదేశంలో పాఠముంది. నమాజు, నడవడిక, సంపాదన అన్నీ బాగున్న అబ్బాయిని తల మీద జుట్టు లేదని వెనక్కి పంపేవారు, రేపు అబద్ధపు ఫోటోలు వస్తున్నాయని వాపోవటంలో న్యాయం లేదు. అబ్బాయిల వైపు వారు కూడా అమ్మాయి ఫోటోలో రంగునే వెతుకుతారు. దాంతో ఆమె తరఫువారు ఫిల్టర్ వేసి పంపుతారు. ఇరువైపులా కుంచాలు తగ్గుతూ పోతున్నాయి. ఎవరో ఒకరు ముందుగా నిండు కుంచం పెట్టాలి. విశ్వాసి ఎదుటివారి కోసం ఎదురుచూడకూడదు.

మరి ఏం చేయాలి?

ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు, వారిలో ఒకరు పేదవారనీ, మరొకరు చేతికర్రను భుజం నుంచి దించనివారనీ దైవప్రవక్త (స) ఉన్నదున్నట్టు చెప్పారు. వారిద్దరూ ఆయన సహచరులే. అయినా నిర్ణయం తీసుకోబోయే స్త్రీకి స్పష్టమైన చిత్రం ఇవ్వటం ఆయన బాధ్యతగా భావించారు. పెళ్ళాడదలచిన స్త్రీని ఒకసారి చూసుకోమని హజ్రత్ ముగీరా (రజి)కు సలహా ఇచ్చారు. దానివల్ల ఇద్దరి మధ్య అనురాగం నిలుస్తుందన్నారు. పెద్దల సమక్షంలో ఒకరినొకరు చూసుకోవటమే అసలైన కొలత. ఫోటో దానికి బదులుగా వచ్చినది మాత్రమే. ఫోటో వద్దనుకునేవారు నోటిమాటతో స్పష్టంగా చెప్పినా సరిపోతుంది.

ఫోటో పంపేవారు ప్యాచ్‌తో ఒకటి, ప్యాచ్ లేకుండా ఒకటి తీయించుకోవాలి. రెండూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఫిల్టర్ లేకుండా ఉండాలి. వ్యాపారికి తీసి పంపిన పద్ధతే ఇక్కడా సరిపోతుంది. ప్యాచ్ లేని ఫోటోను ఊరంతటికీ పంపనక్కర్లేదు. మాటలు ఒక కొలిక్కి వచ్చి, ఇరువైపుల వారు సుముఖంగా ఉన్నప్పుడు, మాట ఇచ్చిపుచ్చుకోకముందే చూపించాలి. కట్నకానుకలు వద్దని చెప్పే అబ్బాయి ఎంత గౌరవంగా చెబుతాడో, ఈ విషయాన్ని కూడా అంతే నిబ్బరంగా చెప్పాలి.

ఆ ఫోటోను అందుకున్నవారి మీద కూడా ఒక బాధ్యత ఉంది. అది వారి దగ్గర అమానతు. సంబంధం కుదరకపోతే ఫోన్ నుంచి తీసేయాలి. చుట్టాలకు పంపటం, నవ్వుకోవటం అమానతులో ద్రోహం. నిజం చెప్పినవాడికి నగుబాటు ఎదురయ్యే చోట ఇంకెవరూ నిజం చెప్పరు. సంబంధాలు కుదిర్చేవారు కూడా, ముందు చెప్పవద్దని సలహా ఇచ్చేటప్పుడు తామూ ఆ మోసంలో భాగస్వాములవుతున్నామని గ్రహించాలి. ఇప్పటికే పెళ్ళయి, ఈ విషయాన్ని దాచి ఉంచిన సోదరులెవరైనా ఉంటే, ఆమె తనంతట తాను కనిపెట్టకముందే చెప్పి, క్షమాపణ అడగటం మంచిది. అడిగి పొందిన క్షమాపణకూ, పట్టుబడ్డాక దొరికే క్షమాపణకూ చాలా తేడా ఉంది.

ప్రళయదినాన ప్రతి మనిషి కర్మల పత్రం తెరవబడుతుంది. అందులో వెలుతురు తగ్గించటం ఉండదు. ఒక వైపు నుంచి మాత్రమే చూపించటం ఉండదు. మనం ఇతరుల కోసం ఏ కుంచంతో కొలిచామో అదంతా అక్కడ ఉంటుంది. ఆ రోజు తలపై జుట్టు ఉందా లేదా అన్న ప్రశ్న ఎవరినీ అడగరు. నిన్ను నమ్మినవారికి నువ్వు ఏం చూపించావన్న ప్రశ్న మాత్రం తప్పదు.

మనం తీసుకునేటప్పుడు కోరుకునే నిండు కొలతనే ఇచ్చేటప్పుడు కూడా ఇచ్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.